సభ్యులు కరువైన క్లబ్బులు

కాలేజీ అడ్మిషన్ల గురించి సలహాలిచ్చే పెద్దమనిషి ఒకాయన మా పక్క వీధిలో, తెలిసినవాళ్లింట్లో మాట్లాడతారంటే పోయిన నెల నేనూ వెళ్లాను. అమెరికాలో, టెక్సస్‌లోని డాలస్‌కు ఉత్తరాన మేముండే ఊళ్లో ఇటువంటి సభలకు కొదవ లేదు. హాలు నిండిపోయింది. తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులే ఎక్కువ. ఎనిమిదో తరగతి పిల్లవాడి నాన్నగారు ఒకాయన ముందు వరుసలో నోటుపుస్తకంతో కూర్చున్నారు. సలహాదారు చెప్పినదాని సారం ఇది: కాలేజీ దరఖాస్తులో క్లబ్బు మెంబరంటే ఎవరూ పట్టించుకోరు, ప్రెసిడెంటంటే ఒకసారి చూస్తారు, ఫౌండరంటే ఆగి చదువుతారు. "మీ అబ్బాయికి నచ్చిన క్లబ్బు బడిలో ముందే ఉందంటే అది మీ దురదృష్టం అండీ" అని ముగించారు. అందరూ నవ్వారు. నవ్వుతూనే రాసుకున్నారు.

అప్పటి నుంచి ఆయనతో మనసులో వాదులాడుతూనే ఉన్నాను. ఆ వాదనే ఇక్కడ పెడుతున్నాను.

ఆయన అబద్ధం చెప్పారని అనలేను. ఇక్కడి కాలేజీలకు దరఖాస్తు పెట్టుకునే కామన్ యాప్‌లో చదువుకు బయట చేసిన పనుల కోసం 10 గడులుంటాయి. ఒక్కో గడిలో హోదా రాసుకోవడానికి 50 అక్షరాలు, చేసిన పని చెప్పుకోవడానికి 150 అక్షరాలు. నాలుగేళ్ల సాయంత్రాలను అంత ఇరుకులో కుక్కాల్సి వచ్చినప్పుడు 'వ్యవస్థాపక అధ్యక్షురాలు' అన్న మాట బరువుగానే కనిపిస్తుంది. నా తగవు ఆ గడితో కాదు, ఆ గడిని నింపడం కోసం బడిలో జరుగుతున్న తతంగంతో. పదిహేనేళ్ల పిల్లలకు ఇక్కడి హైస్కూలు ఇచ్చేవాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఒకటుంది. "నువ్వు రాకపోతే మా పని ఆగిపోతుంది" అని తోటిపిల్లలు నిజంగా అనగలిగే చోటు. హోదా ఆ చోటును తెచ్చిపెట్టదు. చాలాసార్లు దాన్నే మింగేస్తుంది.

పదవుల పంపకం

ఆగస్టులో బడి తెరుస్తారు. సెప్టెంబరు వచ్చేసరికి భోజనాల హాల్లో క్లబ్బుల సంత పెడతారు. మూడు మడతల అట్టలు, వాటి మీద రంగు కాగితాలు, ముందు గిన్నెలో చాక్లెట్లు, బడిలో ఫోన్లు వాడిన రోజుల్లో, ఫోనుతో చేరిపోయేందుకు అంటించిన క్యూఆర్ కోడు. సేవ చేసే కీ క్లబ్, వ్యాపారం నేర్పే డెకా, వైద్యరంగం వైపు వెళ్లేవారి హోసా, డిబేటు వంటివి ఎప్పటి నుంచో ఉన్నవి. కీ క్లబ్ 1925లో శాక్రమెంటోలో మొదలైంది, మన తాతల వయసుది. వీటి పక్కనే నిరుడు పుట్టిన క్లబ్బులు, మొన్న పుట్టిన క్లబ్బులు. పోయినేడాది సంతలో వలంటీరుగా నిలబడి చూశాను. పాత పుస్తకాలు సేకరించి పేద పిల్లలకు పంపే క్లబ్బులు మూడు ఒకే వరుసలో ఉన్నాయి. ముగ్గురు ప్రెసిడెంట్లూ మనవాళ్లే, ముగ్గురూ ఒకే బస్సులో ఇంటికి వెళ్లే పిల్లలు. మూడూ కలిపి ఒక్కటిగా నడపవచ్చు కదా అని ఆ అమ్మాయిల్లో ఒకరిని అడిగాను. ఆమె నావైపు జాలిగా చూసి, "అప్పుడు ప్రెసిడెంటు ఒక్కరే ఉంటారు కదా ఆంటీ" అంది.

తర్వాత తెలిసింది, ముగ్గురూ ఒకరి క్లబ్బులో ఒకరు వైస్ ప్రెసిడెంట్లట. మన పల్లెల్లో కుండమార్పిడి పెళ్లిళ్లని ఉండేవి, మీ అమ్మాయి మా ఇంటికి, మా అమ్మాయి మీ ఇంటికి అని. అచ్చం ఆ పద్ధతే. అందరికీ పదవి దక్కింది, పుస్తకాలు మోసేవాళ్లు మాత్రం లేరు. డిసెంబరులో అట్టపెట్టెలు టీచరు గది మూలన అలాగే పడి ఉన్నాయి. చివరికి ఎవరి నాన్నగారో వ్యానులో వేసుకుని తీసుకెళ్లారు.

ఆ టీచరును చూస్తే నాకు మరీ కష్టంగా అనిపించింది. ప్రతి క్లబ్బుకూ ఒక టీచరు బాధ్యత తీసుకోవాలి. ఇలాంటి చిన్న క్లబ్బులకు చాలాచోట్ల దానికి అదనంగా జీతమేమీ ఉండదు. పిల్లలు వచ్చి బతిమాలితే కాదనలేక ఒప్పుకుంటారు. ఆమె ఓ పక్క పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంటే, ఇంకో పక్క నలుగురు ఆఫీసర్లు తమలో తామే మీటింగు పెట్టుకుని, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు.

కాన్సస్‌లో తేలిన సంగతి

దీన్ని చూసినప్పుడల్లా ఒక పాత పరిశోధన గుర్తుకొస్తుంది. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాన్సస్ రాష్ట్రంలో చిన్నా పెద్దా హైస్కూళ్లను పరిశీలించి 1964లో ఫలితాలు ప్రచురించారు. ఆ బడుల్లో అన్నిటికన్నా చిన్నదానిలో 35 మంది పిల్లలు, పెద్దదానిలో 2,000 మందికి పైగా. పెద్ద బడిలో కార్యక్రమాల రకాలు ఎక్కువే. కానీ ఒక్కో పిల్లవాణ్ని తీసుకుని చూస్తే, ఎక్కువ పనుల్లో పాల్గొన్నదీ, వాటిలో ముఖ్యమైన బాధ్యతలు మోసిందీ చిన్న బడి పిల్లలు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. నాటకం వేయాలన్నా, బేస్‌బాల్ జట్టు కట్టాలన్నా ఇంతమంది కావాలన్న లెక్క బడి చిన్నదైతే తగ్గదు. అందువల్ల ఉన్నవాళ్లందరినీ పిలవక తప్పదు. చదువులో వెనకబడినవాడిని, ఎవరితోనూ కలవనివాడిని కూడా "రా, మనిషి తక్కువయ్యాడు" అని లాక్కొస్తారు. పెద్ద బడిలో అలాంటి పిల్లవాడు గోడ పక్కన నిలబడి చూసే ప్రేక్షకుడు.

మా వైపు ఫ్రిస్కో ఊరి ప్రభుత్వ బడులు నడిపే డిస్ట్రిక్టు ఒక్కో హైస్కూలును సుమారు 2,100 మందికి మించకుండా కట్టుకుంటూ రావడం వెనక ఉన్న తర్కమూ ఇలాంటిదే, ఇక్కడి లెక్కలో అది చిన్న బడే. బళ్లు ఎక్కువైతే జట్లూ ఎక్కువే, వాటిలో చోటు దొరికే పిల్లలూ ఎక్కువే. పక్కనే ఉన్న ఆలెన్ ఊరిది ఇందుకు పూర్తిగా ఎదురు దారి. ఊరంతటికీ ఒకే పెద్ద హైస్కూలు. 2012లో 6 కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకున్నారు. నేను ఫ్రిస్కో పక్షమే అనుకుంటూ ఉండేదాన్ని, ఆలెన్ బడి బ్యాండును మైదానంలో చూసేదాకా. వందల మంది పిల్లలు, ప్రతి ఒక్కరికీ గడ్డి మీద ఒక స్థానం. ఒక్కరు రాకపోతే ఆ వరుసలో ఖాళీ పై మెట్ల మీద కూర్చున్న నాకు కూడా కనిపిస్తుంది. కాబట్టి బడి ఎంత పెద్దదన్నది సగం సంగతే. ఆ గుంపులో నీ స్థానం ఖాళీ అయితే కనిపిస్తుందా లేదా అన్నది మిగతా సగం. అలా కనిపించని స్థానాలను కొలువు పేర్లతో సృష్టించడం మాత్రం మన పుస్తకాల క్లబ్బులే నేర్చాయి.

క్లబ్బుల్లో హోదా లేకపోయినా పని తప్పనిదొకటి ఉంది, ఎఫ్‌ఎఫ్‌ఏ. భవిష్యత్తు రైతుల సంఘంగా 1928లో కాన్సస్ సిటీలో పుట్టింది. నీలం కార్డురాయ్ కోటు దాని గుర్తు. ఇళ్లూ అంగళ్లూ కమ్మేసిన మా శివారు ఊళ్లలో కూడా పిల్లలు పశువులు పెంచుకునే కొట్టాలు డిస్ట్రిక్టు నడుపుతుంది. మాకు తెలిసిన ఒంగోలు వైపు కుటుంబంలోని అమ్మాయి అక్కడ మేకను పెంచింది. పొద్దున్నే బడికి ముందు వెళ్లి మేత వేసి, నీళ్లు మార్చి, తాడు పట్టి నడిపించాలి. సెలవు రోజైనా వదలదు. "మేకలు కాయడం తప్పించుకోవడానికే నేను ఇంజినీరింగ్ చదివాను వదినా, మా అమ్మాయి మళ్లీ అక్కడికే వచ్చింది" అని ఆమె నాన్నగారు నవ్వుతూనే వాపోయారు. వసంతంలో పశువుల ప్రదర్శన తర్వాత వేలం. ఆ పిల్ల మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఇది మంచిదా చెడ్డదా అని నేను తేల్చలేను. ఆమెకు ఆ క్లబ్బులో పదవేమీ లేదన్నది మాత్రం నిజం.

ఏడు నిమిషాలు

మా అమ్మాయి పదో తరగతి. నాటకాల్లో ఉంది, కానీ వేదిక మీదకు రాదు. తెర వెనక పనివాళ్ల జట్టులో ఉంది. టెక్సస్‌లో ప్రభుత్వ బడుల మధ్య చాలా పోటీలు చూసే యూఐఎల్ అనే సంస్థ ఏకాంకిక పోటీ కూడా నడుపుతుంది. నాటకం 40 నిమిషాలు దాటితే అనర్హత. దానికి ముందు సెట్టు నిలబెట్టడానికి 7 నిమిషాలు, తర్వాత విప్పి వేదిక ఖాళీ చేయడానికి 7 నిమిషాలు. అన్ని బడులవారూ సెట్టుకు ఎక్కువగా ఒకేరకం బూడిదరంగు దిమ్మెలూ మెట్లూ స్తంభాలూ వాడుకుంటారు. వాటినే ఒకరు కోట చేస్తారు, ఒకరు వంటిల్లు చేస్తారు.

ఆ 7 నిమిషాల సాధన ఒకసారి చూశాను. గడియారం మొదలవగానే నల్ల బట్టల్లో ఉన్న పిల్లలు పరుగెత్తరు. పరుగెత్తితే తగులుకుంటారట, వేగంగా నడుస్తారు. ఎవరూ మాట్లాడరు. మా అమ్మాయి, ఇంకో అబ్బాయి కలిసి పెద్ద దిమ్మెను ఎత్తి, నేల మీద అంటించిన రంగు టేపు గుర్తుకు మూల ఆనించి, రెండు తట్లు తట్టి వదిలేస్తారు. ఆ తట్టు వినగానే మెట్లు మోసే అమ్మాయి కదులుతుంది. ఆమె కదిలితేనే కుర్చీ వస్తుంది. ఒక్క తట్టు ఆలస్యమైతే వెనక ఉన్నదంతా ఆలస్యం. ఇంట్లో తన పళ్లెం సింకు దాకా తీసుకెళ్లమంటే పది సార్లు చెప్పించుకునే పిల్ల ఇదేనా అనుకున్నాను.

దిమ్మె రెండో కొస పట్టే అబ్బాయికి జనవరిలో కెమిస్ట్రీ తిరగబడింది. టెక్సస్‌లో 1984లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇప్పుడు, ఆనర్స్ వంటి కష్టమైన కోర్సులు తప్పిస్తే, ఏ సబ్జెక్టులోనైనా 70 రాకపోతే కనీసం మూడు వారాలు పోటీల్లో పాల్గొనకూడదు. డాలస్ కుబేరుడు రాస్ పెరో అధ్యక్షత వహించిన సంఘం సిఫారసుతో వచ్చిన ఆ నిబంధన మీద అప్పట్లో ఫుట్‌బాల్ కోచ్‌లు భగ్గుమన్నారు. ఆ చట్టం ఇప్పుడు మా ఇంటి వంటగది బల్ల మీదికి వచ్చింది. జట్టంతా వంతులు వేసుకుని వాడికి సమీకరణాలు తుల్యం చేయడం నేర్పారు. వాడి మీద దయతో చేశారని అనుకోను. వాడు లేకపోతే దిమ్మె లేవదు. మొత్తానికి గట్టెక్కాడు. ఆ వారమంతా మా ఇంట్లో చిప్స్ మాత్రం మిగల్లేదు. వ్యవస్థాపక అధ్యక్షుడికి కెమిస్ట్రీ పోతే ఎవరి పని ఆగుతుందో నాకు తెలియదు.

"నీకేం, మీకు గ్రీన్ కార్డు వచ్చింది"

ఈ మాటలన్నీ నా స్నేహితురాలితో అంటే ఆమె తిప్పికొట్టిన జవాబు అది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు.

వాళ్లబ్బాయి హెచ్‌4 మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నవారి పిల్లలకిచ్చే వీసా మీద ఉన్నాడు. తరగతిలోని తోటివాళ్లు వేసవిలో ఐస్‌క్రీం దుకాణంలోనో ఈతకొలనులోనో పనిచేసి జీతం తెచ్చుకుంటారు. వాడు చేయకూడదు. జీతమిచ్చే ఇంటర్న్‌షిప్పులూ కుదరవు. కాలేజీకి ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయమూ రాదు. 21 నిండితే తల్లిదండ్రుల వీసా నీడ కూడా పోతుంది. "వాడి చేతిలో మిగిలింది క్లబ్బులే అక్కా. వాటిలో కూడా ఊరికే ఉండమంటావా?" అంది. పని చేయడానికి చట్టం ఒప్పుకోని పిల్లవాడికి పదవి ఒక్కటే చూపించుకోగలిగిన రుజువు అన్నది ఆమె వాదన. దానికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. సలహాదారుల సభలో ముందు వరుసలో కూర్చునేవాళ్లను చూసి నేను నవ్వుకున్నప్పుడల్లా ఈ మాట గుర్తుకొచ్చి నవ్వు ఆగిపోతుంది.

అయినా రెండు విషయాలు చెప్పాను. మొదటిది టెక్సస్ సంగతి. 1997 నాటి చట్టం ప్రకారం బడిలో పై 10 శాతం ర్యాంకు వచ్చినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు దానంతటదే వస్తుంది. ఆస్టిన్‌లో పోటీ ఎక్కువ కనుక 2026 శరదృతువులో చేరేవారికి దాన్ని 5 శాతానికి కుదించారు. ఆ సీటుకు క్లబ్బుల ఊసే అక్కర్లేదు. కోరుకున్న శాఖ దొరకాలంటే మాత్రం మిగతావన్నీ చూస్తారు, మనవాళ్లందరూ కోరేది కంప్యూటర్ సైన్సే కనుక ఈ ఓదార్పు సగమే. ఇదే ర్యాంకు ఇంకో పని కూడా చేస్తుంది. కష్టమైన కోర్సులకు ఎక్కువ పాయింట్లు, బ్యాండు వంటివాటికి మామూలు పాయింట్లు ఇచ్చే చోట్ల, ర్యాంకు పడిపోతుందని పదో తరగతిలో సాక్సోఫోన్ మానేసినవాళ్లు నాకు తెలుసు. నిజంగా తమ అవసరం ఉన్న చోటు వదిలేసి, ఆ ఖాళీ సాయంత్రంలో పేరుకో క్లబ్బు పెట్టుకుంటారు.

రెండోది మనవాళ్లకు బాగా తెలిసిన సంగతి. ఇదే ఈడులో మనం ఇంటర్ చదివాం. తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా స్టడీ అవర్లు, ఆటస్థలం లేని భవనాలు, ఆదివారం పూట కూడా పరీక్ష. అక్కడ అందరం ర్యాంకులమే కానీ ఎవరి పనికీ ఎవరం అక్కర్లేదు. పక్కవాడు జ్వరంతో మానేస్తే బెంచీ మీద కాస్త చోటు దొరికేది, అంతే. అక్కడి నుంచి ఇంత దూరం వచ్చి, క్లబ్బును కూడా ఇంకో ర్యాంకుల పట్టీ చేసి పిల్లల చేతికిస్తే ఏం బావుకున్నట్టు?

పెద్దలు రాని గది

1985లో ఒమాహాలోని వెస్ట్‌సైడ్ హైస్కూల్లో బ్రిజెట్ మెర్జెన్స్ అనే విద్యార్థిని క్రైస్తవ క్లబ్బు పెట్టుకుంటానని అడిగితే బడి కాదంది. చదరంగానికీ నీటిలో ఈదే స్కూబా డైవింగుకీ క్లబ్బులుండగా తమకెందుకు కాదని ఆమె కోర్టుకెక్కింది. 1990లో సుప్రీంకోర్టు 8-1తో ఆమె వైపు తీర్పు చెప్పింది. ఆ కేసుకు ఆధారమైన 1984 నాటి సమాన ప్రవేశ చట్టంలో నాకు నచ్చిన షరతు ఒకటుంది. క్లబ్బు విద్యార్థులు తమంతట తాము పెట్టుకున్నదై ఉండాలి. బడికి చెందని పెద్దలెవరూ దాన్ని నడపకూడదు, అదుపు చేయకూడదు, క్రమం తప్పకుండా హాజరు కూడా కాకూడదు. మన వాట్సాప్ గుంపుల్లో పిల్లల క్లబ్బుకు పేరు పెట్టి, వెబ్‌సైటు కట్టించి, విరాళాలు పోగుచేసే అమ్మానాన్నలు ఆ వాక్యం ఒకసారి చదవాలి.

ఈ హక్కు ఎవరికి దక్కాలన్నదాని మీద పెద్దలు ఎప్పుడూ కొట్లాడుతూనే ఉన్నారు. 1996లో సాల్ట్ లేక్ సిటీ బడుల బోర్డు, స్వలింగ సంపర్కులైన పిల్లలూ వారి స్నేహితులూ కలిసి పెట్టుకున్న ఒక్క క్లబ్బును ఆపడానికి పాఠాలతో సంబంధం లేని క్లబ్బులన్నిటినీ రద్దు చేసింది. అవి తిరిగి తెరుచుకోవడానికి 2000 దాకా పట్టింది. టెక్సస్ 2025లో తెచ్చిన చట్టం అలాంటి క్లబ్బులను నేరుగా నిషేధించింది, మిగతా ఏ క్లబ్బులో చేరాలన్నా తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలంది. నాటకాల జట్టు కాగితం మీద నేను సంతకం పెట్టాను. సంతకం నాకు ఖర్చేమీ కాదు. ఇంట్లో చెప్పుకోలేని సంగతి ఉన్న పిల్ల ఆ కాగితం ఎవరి ముందు పెట్టాలన్నదే నా బాధ. మనవాళ్లలో చాలామంది ఈ చట్టం బాగుందన్నారు. మా ఇంట్లో కూడా దీని మీద ఏకాభిప్రాయం లేదు. నాకు మాత్రం ఆ చట్టం రాసినవాళ్లూ మా సలహాదారూ ఒకే మాట మీద ఉన్నట్టు కనిపిస్తారు. క్లబ్బు పెద్దల సొత్తు అన్నదే ఆ మాట.

అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టాన్ని మాత్రం రెండు చేతులా మెచ్చుకుంటాను. బడి గంటల్లో ఫోన్లు బంద్ అయ్యాయి. పిల్లలు మొదట్లో గగ్గోలు పెట్టారు. ఇప్పుడు భోజనం వేళ ఊనో పేకలు తెచ్చుకుని అరుచుకుంటూ ఆడుతున్నారట. అయితే ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారన్నది ఫోను తీసేస్తే మారలేదు. మన పిల్లలు మన పిల్లలతోనే, కొరియా పిల్లలు వాళ్లలో వాళ్లే, ఫుట్‌బాల్ వాళ్లు కిటికీ పక్కన. హోమ్‌కమింగ్ వారం వస్తే టెక్సస్ ఆడపిల్లలు బట్టతో చేసిన పెద్ద చామంతిని మెడలో వేలాడదీసుకుంటారు, దానికి మోకాళ్లు దాటే రిబ్బన్లూ గంటలూ. ఆ గంటల చప్పుడుతో ఎవరిని ఎవరు పిలిచారో, ఎవరిని పిలవలేదో బడంతా తెలిసిపోతుంది. మా అమ్మాయిని పోయినసారి ఎవరూ పిలవలేదు. దిమ్మె జట్టులోని పిల్లలే కలిసి ఒకరికొకరు చేసుకుని వేసుకున్నారు. జిగురు తుపాకీతో నా వేలు కూడా కాలింది. ఆ జట్టులో మన పిల్ల ఒక్కతే. పనిలేకపోతే వాళ్లు ఒకే బల్ల దగ్గర ఎప్పటికీ కూర్చునేవాళ్లు కాదు.

గ్రీన్ కార్డు మాట అన్న నా స్నేహితురాలు పోయిన వారం ఫోను చేసింది. వాళ్లబ్బాయి తను పెట్టిన రెండు క్లబ్బుల్లో ఒకటి మూసేసి రోబోటిక్స్ జట్టులో చేరాడట. అక్కడ వాడికిచ్చిన పని బ్యాటరీలు చూసుకోవడం. ఏది ఎంత ఛార్జయిందో కొలిచి, అట్టముక్క మీద తేదీ రాసి అంటించి, ఆట ఆటకూ కొత్తది బిగించాలి. పోటీ రోజున వాడు టాయిలెట్‌కు వెళ్లాలన్నా ఎవరో ఒకరికి అప్పగించి వెళుతున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం వినిపించింది. వెంటనే, "కానీ అక్కా, దీన్ని ఆ 50 అక్షరాల్లో ఏమని రాయాలి? బ్యాటరీ మేనేజర్ అనవచ్చా?" అని అడిగింది. అనవచ్చన్నాను. వచ్చే ఏడు కెప్టెన్ పదవికి నిలబెడతానని ఆమె అంటోంది. వాడు ఇంకా సరేననలేదు.